నీళ్ళు పైకెక్కిన గోడ

మక్తల్ బజారులో బట్టలు కుట్టే లియాఖత్ అలీ కూతురు అమీనా పదో తరగతి లెక్కల్లో తప్పింది. మళ్ళీ రాయమని తండ్రి ఎంత చెప్పినా వినలేదు. ఆ ఏడాదంతా ఇంటి ముందరి వసారాలో కూర్చుని మ్యాటీ గుడ్డ మీద బొమ్మలు కుట్టింది. మ్యాటీ గుడ్డంటే గళ్ళు గళ్ళుగా నేసిన ముతక గుడ్డ. ఒక్కో గడిలో రంగుదారంతో ఇంటూ గుర్తులా ఒక కుట్టు వేసుకుంటూ పోవాలి. దగ్గర నుంచి చూస్తే అన్నీ చుక్కలే. రెండడుగులు వెనక్కి జరిగితే చిలకో, గులాబీ గుత్తో, మక్కా మసీదో కనపడుతుంది. పెళ్ళినాటికి ఆమె పెట్టెలో చీరలకన్నా ఈ గుడ్డలే ఎక్కువున్నాయి.

ఎనభై ఆరులో ఆమెను నకిరేకల్‌లో మెహమూద్‌కు ఇచ్చి చేశారు. హైదరాబాదు రోడ్డు మీద అతనికి మైకు సెట్టు, లైటింగు దుకాణం ఉండేది. మనిషి మంచివాడు, నవ్వుమొహం, చేతిలో ఎప్పుడూ ఒక టెస్టరు. మైకు కట్టడంలో అతనికి పేరుంది. పేరులేనిదల్లా బల్బుల బొమ్మల్లోనే. చెక్క చట్రానికి చిన్న చిన్న రంగు బల్బులు బిగించి, వాటిని వెలిగిస్తూ ఆర్పుతూ బొమ్మ కదిలినట్టు చూపించే బోర్డులకు ఆ రోజుల్లో గిరాకీ బాగా ఉండేది. దర్గా ఉర్సయినా, వినాయక చవితయినా, పెళ్ళి ఊరేగింపయినా అలాంటి బోర్డు ఒకటి ఉండాల్సిందే. మెహమూద్ కూడా చేసేవాడు. కానీ అతని చేతిలో ఏ పక్షైనా కోడిగానే మారేది.

అమీనా కాపురానికి వచ్చిన మొదటి చవితికి అతను ఒక రైసు మిల్లు ముందు నెమలిని నిలబెట్టాడు. చూడ్డానికి వచ్చిన రైతొకాయన కాసేపు తేరిపార చూసి, "ఏం మెహమూదూ, దేవుని కాడ పుంజును పెట్టినవేందయ్యా?" అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. మెహమూద్ కూడా నవ్వేశాడు కానీ ఇంటికొచ్చి అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

అమీనా పెట్టె తెరిచి, తాను కుట్టిన నెమలి గుడ్డ తెచ్చి అతని ముందు పరిచింది.

"గీ ఒక్కో కుట్టును ఒక్కో బల్బనుకోండి. ఎన్ని గళ్ళున్నయో అన్ని బొక్కలు కొట్టండి. పుంజెట్ల అయితదో చూద్దాం" అంది.

మెహమూద్ గుడ్డను దగ్గర పెట్టుకుని చూశాడు. దూరం పెట్టి చూశాడు. తర్వాత అన్నం కూడా పూర్తి చేయకుండా చెక్క పలక కోసం లేచాడు.

అతని తల్లి హుస్సేన్ బీకి ఇది నచ్చలేదు. "కోడలు వైర్లు ముట్టుకుంటదా? షాక్ కొడితే మక్తల్ల మీ అబ్బాకు నేనేం జవాబు చెప్పాలె?" అని పోట్లాడింది. కానీ కొత్త నెమలి వెలిగిన సాయంత్రం తనూ చూస్తానని రిక్షా పిలిపించుకుంది. బోర్డు ముందు రిక్షా ఆపించి, ముసుగు కొంచెం జరిపి, చాలాసేపు చూసింది. ఇంటికొచ్చాక ఒకే మాట అంది.

"తోక మంచిగుంది. మెడ జర లావైంది."

ఆ రోజు నుంచి హుస్సేన్ బీ చూడకుండా ఆ ఇంట్లోంచి ఒక్క బొమ్మ కూడా బయటికి పోలేదు. బొమ్మలెవరు గీస్తారని అడిగినవాళ్ళకు మెహమూద్ ఏ మాత్రం దాచకుండా, "మా ఇంట్ల ఆమెనే. నాకు కోళ్ళే వస్తయి" అని చెప్పేవాడు. నల్లగొండ, సూర్యాపేట దాకా ఆ బోర్డులు పోయాయి.

ఇలా ఉండగా తొంభై నాలుగులో నిమ్మకాయల వ్యాపారి ఐలేశం రోడ్డు పక్కన పెళ్ళిళ్ళ హాలు కట్టాడు. అప్పటిదాకా మా వైపు పెళ్ళంటే ఇంటి ముందు పందిరే. హాలంటే ఏమిటో చూద్దామని జనం గోడలు లేస్తున్నప్పుడే వచ్చి నిలబడేవారు. ఐలేశం హైదరాబాదులో ఏదో పెద్ద హోటల్లో టీవీలను ఇటుకల్లా ఒకదాని మీద ఒకటి పేర్చిన గోడను చూసి వచ్చాడు. అన్ని టీవీలూ కలిసి ఒకే బొమ్మ చూపిస్తున్నాయట. అప్పటి నుంచి ఆయనకు నిద్ర పట్టలేదు. మెహమూద్ దుకాణానికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"పెండ్లికొడుకు, పెండ్లిపిల్ల కూసునే జాగా ఎన్క గోడంత బొమ్మ కావాలె. కదులుతుండాలె. వచ్చినోళ్ళు బువ్వ సంగతి మర్శిపోవాలె."

పక్కనే రేడియో, టీవీలు బాగుచేసే యోహాను ఉన్నాడు. మెహమూద్‌కు చిన్ననాటి దోస్తు. "సేటూ, అన్ని టీవీలు పెడితే నీ హాలు అమ్ముకోవాలె" అన్నాడు నవ్వుతూ.

"టీవీలు వద్దులే. బల్బులతోనే చెయ్యుండ్రి. చెల్లె గీస్తది గదా!"

అమీనా గీసింది. ఒక చెరువు, చుట్టూ కొంగలు. మెహమూద్ గోడ పొడవునా చట్రం కట్టి, ఎప్పటి బల్బులే బిగించాడు. యోహాను డ్రమ్ము తయారు చేశాడు. డ్రమ్మంటే రోకలంత లావున్న కర్ర దుంగ. దాని మీద అక్కడక్కడా రాగి రేకులు కొట్టి ఉంటాయి. చిన్న మోటారు దాన్ని తిప్పుతుంటే ఏ రేకు వచ్చి తీగకు తగిలితే ఆ వరుస బల్బులు వెలుగుతాయి. కొంగ రెక్క ఎత్తడం, దించడం అంతా ఆ దుంగ తిరగడంలోనే ఉంది.

పరీక్ష చేసే రోజు ఐలేశం కొత్త ధోవతి కట్టుకుని వచ్చాడు. పెళ్ళికొడుకు కూర్చునే సింహాసనం కుర్చీలో తనే కూర్చున్నాడు. తలుపులు వేసి, పరదాలు దించి, స్విచ్చి వేశారు. గోడంతా భగ్గున వెలిగింది. కొంగలు ఎగిరాయి. కింద నిలబడ్డ పనివాళ్ళు ఈలలు వేశారు.

కాసేపటికి ఐలేశం కండువాతో మెడ తుడుచుకున్నాడు. ఇంకాసేపటికి మొహం తుడుచుకున్నాడు. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ, లోపల వీపు వెనక గోడెడు బల్బులు. ఫ్యాన్లు వేస్తే బల్బులు మసకబారుతున్నాయి, ఆపితే ఊపిరాడటం లేదు. ఆయన చివరికి కుర్చీలోంచి లేచి చొక్కా విప్పేశాడు.

"మెహమూదూ, పెండ్లికొడుకును అక్షింతలు పడకముందే వేయించి పెడ్తవా?"

అందరూ నవ్వారు. అమీనాకు మాత్రం నవ్వు రాలేదు. గోడ దగ్గరికెళ్ళి చట్రం మీద చెయ్యి పెట్టి చూసింది. చురుక్కుమంది. పందిట్లో, రోడ్డు మీద గాలికి వెలిగే వస్తువును తెచ్చి నాలుగు గోడల మధ్య పెట్టారు. బొమ్మ తప్పు కాదు, దీపం తప్పు.

"వేడి లేని దీపం ఉండదా యోహానన్నా?" అని అడిగింది.

యోహాను దుకాణానికెళ్ళి, మరమ్మతుకు వచ్చిన ఒక టేపురికార్డరు పట్టుకొచ్చాడు. పాట పెట్టి, సౌండు పెంచగానే ముందువైపు ఎర్రటి చుక్కలు గంతులేశాయి.

"గివి చూసినవా వదినా? ఎల్‌ఈడీలంటరు. లోపల తీగ కాలదు, అందుకే వేడెక్కయి. పగలంతా వెలిగినా సల్లగనే ఉంటయి. కాకపోతే ఎండల పెడితే వెలుగుతున్నయో లేదో తెల్వదు."

"మనకు ఎండ యాడున్నది? హాల్లనే గదా" అంది అమీనా.

ముగ్గురూ బస్సెక్కి హైదరాబాదు వెళ్ళారు. కోఠిలో గుజరాతీ గల్లీ అంతా తిరిగారు. అడిగిన ప్రతి దుకాణంవాడూ ఒక చిన్న కాగితం పొట్లం తీసేవాడు. గోడకు కావాలంటే నమ్మేవాడు కాదు. చివరికి ఒక ముసలి సేటు, తెల్లగడ్డం ఆయన, తన గోదాములోంచి సంచులు తీయించాడు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. శనగ గింజలంత ఉన్నాయి.

"నీలం?" అంది అమీనా.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నీలం ఇంకా మన బజారుకు రాలేదు బేటీ. దొరికినప్పుడు నీకే మొదలు చెప్తా."

బస్సులో వస్తున్నంతసేపూ ఆమె కిటికీలోంచి దారి పక్క చెరువులే చూసింది. చిట్యాల దాటాక మెహమూద్, "ఫికర్ ఎందుకు?" అన్నాడు. "చెరువు గీసిన. నీలం లేక నీళ్ళెట్ల చూపియ్యాలె?" అంది.

ఇంట్లో దాని మీద పెద్ద పంచాయితీ జరిగింది. నీళ్ళను పసుపుపచ్చగా పెడదామని మెహమూద్ అన్నాడు. హుస్సేన్ బీ ఒప్పుకోలేదు. "పసుపు నీళ్ళా? మోరీ అనుకుంటరు. పెండ్లిల మోరీ చూపిస్తరా?" ఆకుపచ్చ పెడదామంటే చెట్లూ నీళ్ళూ ఒకటిగా కలిసిపోతాయి. అమీనా రెండు మూడు గుడ్డలు పాడుచేసింది. కుట్టడం, విప్పడం.

అప్పటికి మాఘం నడుస్తోంది. ఒక రోజు పొద్దున ఆమె దారాల కోసం బజారుకు పోతుంటే ఎడ్లబండి మీద ఎవరో మోదుగు కొమ్మలు వేసుకుని వెళ్తున్నారు. ఆకు ఒక్కటి లేదు. కొమ్మ నిండా ఎర్రటి పువ్వే. ఆమె బజారుకు పోకుండా వెనక్కి వచ్చేసింది.

"చెట్లు పచ్చగనే ఉండాల్నని ఎవరు చెప్పిండ్రు? మోదుగు పూసినట్టు ఎర్రగ పెడ్త. గుట్టను పసుపు చేస్త. ఇగ ఆకుపచ్చంతా నీళ్ళకే."

చెరువు పోయి, ఒక గుట్ట మీది నుంచి దూకే జలపాతం వచ్చింది. ఆకుపచ్చ దీపాల మధ్య నల్లటి గీతలు ఒకదాని వెనక ఒకటి కిందికి జారుతుంటే నీళ్ళు పారుతున్నట్టే ఉంటుంది. హుస్సేన్ బీ గుడ్డను వెలుతురుకు పట్టి చూసి, "ఇప్పుడు దప్పికైతాంది" అంది. ఆమె నోట అంతకన్నా మెచ్చుకోలు ఎవరూ వినలేదు.

ఇక పని. పలకల నిండా బొక్కలు. ఒక్కో బొక్కలో ఒక్కో దీపం గుచ్చాలి. ప్రతి దీపానికీ రెండు కాళ్ళు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొడుగు కాలు పై తీగకు, పొట్టి కాలు కింది తీగకు. తిరగేస్తే వెలగదు. మెహమూద్, యోహాను ఇద్దరే చేస్తే ఏళ్ళు పడుతుంది. అమీనా వీధిలోని ఆడవాళ్ళను పిలిచింది. కూలి మాట్లాడింది. కూరగాయలమ్మే బిక్షమ్మ మధ్యాహ్నం గంప ఖాళీ చేసి వచ్చేది. పక్కింటి మైసమ్మ పత్తి ఏరడం లేని రోజుల్లో వచ్చేది. వసారాలో పలకలు పరుచుకుని, అటొకరు ఇటొకరు కూర్చుని గుచ్చేవారు. అమీనా గుడ్డ చూస్తూ చెప్పేది: "నాలుగు ఎర్రయి, ఒకటి ఇడ్వు, రెండు పచ్చయి." నాట్లేసేటప్పటి పాటలన్నీ ఆ వసారాలో వినపడ్డాయి. వెనక యోహాను కాళ్ళకు టంకం వేస్తుంటే మైసమ్మ వెనక్కి తిరిగి, "మేము నాటేస్తున్నం, నువ్వు నీళ్ళు పెడ్తున్నవు" అని ఆటపట్టించేది. ఆ పొగకు దగ్గి దగ్గి హుస్సేన్ బీ తన మంచం పెరట్లోకి మార్చుకుంది. కానీ పూటకొకసారి వచ్చి పలకలు చూసిపోయేది. ఒకసారి గుట్ట పక్కన ఒక ఎర్ర దీపం తప్పుగా పడితే కళ్ళద్దాలు లేకుండానే పట్టేసింది.

హాల్లో గోడ నిలబడింది. ట్యూబులైట్లు సగం ఆర్పితే చీకటి గోడ మీద పసుపు గుట్ట, ఎర్ర చెట్లు, మధ్యలో తళతళమనే నీళ్ళు. ఐలేశం మళ్ళీ సింహాసనంలో కూర్చున్నాడు. ఈసారి చాలాసేపు కూర్చున్నాడు. చొక్కా విప్పలేదు. వెనక్కి చెయ్యి చాపి దీపాలను తాకి చూశాడు.

"సల్లగున్నది! నిజంగ నీళ్ళే పెట్టిండ్రా ఏంది?"

హాల్లో మొదటి పెళ్ళి నకిరేకల్ పిల్లది. పెళ్ళికొడుకు మర్రిగూడ అబ్బాయి. పగటి ముహూర్తమైనా గోడ కనపడాలని పరదాలన్నీ దించేశారు. మగపెళ్ళివాళ్ళు లారీలో దిగారు. పెళ్ళికొడుకు నాయినమ్మ పుల్లమ్మను ఇద్దరు రెండు పక్కలా పట్టుకుని తెచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టారు. వాళ్ళ ఊరి ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగి తాగి ఆమె మోకాళ్ళు ఏనాడో బిగుసుకుపోయాయి. మనిషి మాత్రం మహా హుషారు. వచ్చినవాళ్ళందరినీ పేరు పెట్టి పిలుస్తోంది.

అమీనా, హుస్సేన్ బీ ఆడవాళ్ళ వైపు గోడ పక్కన నిలబడ్డారు. పంతులు మంత్రం చదువుతున్నాడు కానీ కళ్ళు గోడ మీదే. పెళ్ళికూతురైతే పూర్తిగా వెనక్కి తిరిగి చూస్తోంది. ఫొటోగ్రాఫరు, "అమ్మా, జర గిటు తిరుగు, నాకు జడనే వస్తాంది" అని బతిమాలుతున్నాడు.

తలంబ్రాలు పోసుకునే సమయానికి కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి. గోడ నల్లబడింది. 'అయ్యో' అని హాలంతా ఒక్క మాట. యోహాను దీనికి సిద్ధంగానే ఉన్నాడు. వేదిక పక్కన రెండు లారీ బ్యాటరీలు పెట్టుకున్నాడు. ఒకటి దీపాలకు, ఒకటి డ్రమ్ము తిప్పే మోటారుకు. చీకట్లో తడుముకుంటూ తీగలు తగిలించాడు. గోడ మళ్ళీ వెలిగింది. జనం చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు మధ్యలోనే ఆగిపోయాయి.

నీళ్ళు పైకి పోతున్నాయి. కింద మడుగులోంచి లేచి, గుట్ట మీదికి ఎగబాకి, శిఖరం మీద మాయమవుతున్నాయి. కంగారులో యోహాను మోటారు తీగలు అటుది ఇటు, ఇటుది అటు తగిలించాడు. డ్రమ్ము వెనక్కి తిరుగుతోంది. ఐలేశం మొహం పాలిపోయింది. యోహాను, "తారుమారైనయి వదినా, ఒక్క నిమిషం" అంటూ వంగాడు.

"ఆగు బిడ్డా, ఆపకు!"

పుల్లమ్మ. కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగింది.

"అట్లనే ఉండనియ్యి. మా మర్రిగూడకు నీళ్ళు గిట్లనే రావాలె. కిష్ణ నది కింద ఉన్నది, మేము మీదున్నం. కిందికి పారే నీళ్ళు మాకేం జేస్కోను? గీ తల్లి ఎవరో గాని ఎక్కిచ్చే ఉపాయం దొరకపట్టింది!"

మర్రిగూడ నుంచి వచ్చిన వరుసలన్నీ నవ్వాయి. నవ్వి, చప్పట్లు కొట్టాయి. ఎవరో యువకుడు లేచి, "ఎక్కనియ్యి, ఎక్కనియ్యి" అని అరిచాడు. డప్పులవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే దరువు ఎత్తుకున్నారు. పెళ్ళికొడుకు చేతిలో తలంబ్రాలు అలాగే ఉన్నాయి. పంతులు కూడా నవ్వు ఆపుకోలేక, "కానియ్యండి, ముహూర్తం దాటుతుంది" అన్నాడు. ఐలేశం రంగు తిరిగొచ్చింది. పక్కనున్నవాళ్ళతో, "కావాల్ననే గట్ల పెట్టిపిచ్చిన" అంటున్నాడు.

భోజనాలప్పుడు పుల్లమ్మ అమీనాను పిలిపించుకుంది. కూర్చోబెట్టి, తన విస్తట్లోంచి లడ్డూ తీసి ఆమె నోట్లో పెట్టింది. "మా ఊరికి నీళ్ళొచ్చిన్నాడు నీకు కబురు చేస్త. నువ్వే వచ్చి నల్లా తిప్పాలె" అంది. అమీనాకు కళ్ళు చెమర్చాయి. నోట్లో లడ్డూ ఉండటంతో తల మాత్రం ఊపింది.

యోహాను ఆ వారంలోనే ఒక స్విచ్చి అమర్చాడు. అటు నొక్కితే నీళ్ళు దిగుతాయి, ఇటు నొక్కితే ఎక్కుతాయి. హాలు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళను ఐలేశం గుమస్తా గంభీరంగా అడిగేవాడు, "దిగే నీళ్ళా, ఎక్కే నీళ్ళా?" అని. కాల్వ కింది ఊళ్ళవాళ్ళు దిగేవి చాలనేవారు. కాల్వ ఎక్కని మునుగోడు, చండూరు, మర్రిగూడ వైపువాళ్ళు మాత్రం ఎక్కే నీళ్ళే అడిగేవారు. పెళ్ళికి పిలవకపోయినా గోడ చూడ్డానికి వచ్చి, తలుపు దగ్గర నిలబడి, చూసి పోయేవారు చాలామంది.

తర్వాతి ఏళ్ళలో అమీనా మరికొన్ని గోడలు చేసింది. పాలమూరులో ఒక హాలుకు జొన్న చేను, పిట్టలు. తొంభై ఎనిమిదిలో మక్తల్ నుంచే పిలుపొచ్చింది. అక్కడి పత్తి వ్యాపారి కట్టిన హాలుకు ఆమె బిక్షమ్మను, మైసమ్మను వెంటబెట్టుకుని వెళ్ళి, పుట్టింటి వసారాలోనే పలకలు పరిచింది. కర్ణాటక వైపు చుట్టాలు కూడా వస్తారు కాబట్టి స్వాగతం అని మూడు భాషల్లో కావాలన్నారు. తెలుగు, ఉర్దూ ఆమె రాసుకుంది. కన్నడం బస్టాండులో బెంగళూరు బస్సు డ్రైవరు చేత రాయించుకుంది.

ప్రారంభం రోజు లియాఖత్ అలీ వచ్చి గోడ ముందు నిలబడ్డాడు. జనమంతా 'వహ్వా' అంటుంటే ఆయన మెడలో టేపు పట్టుకుని ఒక పక్కకే చూస్తున్నాడు.

"ఏమైంది అబ్బా?"

"ఎడమ అంచు ఒక వరుస కిందికి దిగింది. చొక్కా అయితే నేను తిప్పి పంపుదు."

ఆమె వెళ్ళి చూసింది. నిజమే. పలక ఒకటి మేకు జారి కిందికి దిగింది. ఆ మర్నాడు ఇద్దరూ కలిసి విప్పి సరిచేశారు. తండ్రి పలక పట్టుకుని నిలబడ్డాడు, కూతురు మేకులు కొట్టింది. మాటల మధ్యలో ఆయన, "నువ్వు లెక్కల్లో తప్పిననాడు మస్తు తిట్టిన నిన్ను" అన్నాడు. ఆమె నోట్లో మేకులు పెట్టుకునే, "ఇంకా తిట్టాల్సుండె, ఇంకో నెమలి ఎక్కువ కుట్టేదాన్ని" అంది. ఆయన నవ్వితే పలక కదిలింది. పలక కదిలిందని ఆమె కేకలేసింది.

ఇప్పుడు దేవరకొండలో కొత్త హాలు లేస్తోంది. దానికేం గీయాలని ఇంట్లో వారం నుంచి తగువు. మెహమూద్ రైలు అంటాడు, తను గీస్తే కోడి కాని బొమ్మ అదొక్కటేనట. హుస్సేన్ బీ పావురాలు కావాలంటుంది. బిక్షమ్మ గంప దించి కూర్చుని, ఎవరూ అడగకపోయినా, బజారు గీయమంటుంది: రాశులుగా టమాటాలు, పచ్చిమిరపకాయలు, బేరమాడే ఆడవాళ్ళు, మధ్యలో ఒక తక్కెడ ఎక్కుతూ దిగుతూ. అమీనా ఇప్పుడే కొత్త గుడ్డ కత్తిరించి, మొదటి కుట్టు ఎర్రదారంతో వేసింది. అది టమాటానా, పావురం కాలా, రైలు దీపమా అని ముగ్గురూ ఆమె భుజం మీద నుంచి తొంగి చూస్తున్నారు.